కనపడకుండా పోయిన కాలు

ఇన్‌స్పెక్టరు కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చున్నాడు. ఇల్లు లిఫ్టు మెకానిక్‌ది, కుర్చీ కూడా అతనిదే, ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. నెలలు నిండిన మెకానిక్ భార్య మాత్రం గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జలగమ్మ మేడమెట్లెక్కి గుమ్మంలో అడుగు పెడుతూనే ఆ సంగతి చూసింది.

"లేవండి," అంది.

"నన్నేనా?"

"ఉన్నది ఒకటే కుర్చీ. కడుపుతో ఉన్నది మీరు కాదుగా."

ఇన్‌స్పెక్టరు మొహం మాడ్చుకుని లేచాడు, మెకానిక్ భార్య కూర్చుంది. తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి వీధి చూడడం మొదలుపెట్టాడు.

ఆమె అసలు పేరు ఆఫీసులో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు కోర్టు వరండాలో ఈ ఇన్‌స్పెక్టరే ఎవరితోనో, "ఆ జలగ పట్టుకుందంటే వదలదు," అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, "చివర అమ్మ అని కూడా తగిలించండి, వయసులో పెద్దదాన్ని," అంది. అప్పటినుంచీ ఊరంతటికీ జలగమ్మే.

విచారణ జరిగేదాకా ముద్దాయిల్ని జైల్లో కుక్కకుండా ఇంటి దగ్గరే ఉంచి కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. ముద్దాయి కాలికి ఒక పట్టీ ఉంటుంది, ఇంట్లో ఒక పెట్టె ఉంటుంది. పట్టీ పెట్టెకి అందుబాటులో ఉన్నంతసేపూ కంట్రోల్ రూములో పచ్చదీపం, అందకపోతే ఎర్రదీపం. మనిషి ఎక్కడికి పోయాడో పట్టీ చెప్పదు. పెట్టెకి అందడం లేదని మాత్రం చెబుతుంది.

నిన్న సాయంత్రం ఆరు దాటాక మెకానిక్ పేరు ఎదుట ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ పచ్చబడడానికి ముప్పావుగంట పట్టింది. సరిగ్గా ఆ ముప్పావుగంటలోనే, ఊరికి అటు చివర ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అతని గదిలోనే ఎవరో తల పగలగొట్టి పోయారు. అతనిప్పుడు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆ అపార్ట్‌మెంట్ లిఫ్టే రెండు నెలల క్రితం తెగిపడి, అక్కడి సంఘం కార్యదర్శి ప్రాణం తీసింది. లిఫ్టు ఆపేసి, కరెంటు తీసి, ఎక్కవద్దని బోర్డు పెట్టే వెళ్ళానని మెకానిక్ అంటాడు. బోర్డూ లేదు, ఏమీ లేదని పోలీసులకి చెప్పింది ఆ వాచ్‌మనే.

"రెండింటికి జడ్జిగారి ముందుంటాం. బెయిలు రద్దు. ఇంక మీ చేతుల్లో ఏమీ లేదు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంకా పదకొండైనా కాలేదు. అప్పుడే చేతులు దులుపుకోమంటే ఎలా?" అంది జలగమ్మ. "ఆ వాచ్‌మన్ మొన్న ఇతని లాయరుకి కబురు పంపాడు తెలుసా? ముందు అబద్ధం చెప్పాను, కోర్టులో నిజం చెబుతానని. తనని బయటపడెయ్యబోయేవాడి తల తనే పగలగొడతాడా ఎవడైనా?"

"కబురు పంపాడని లాయరు అంటున్నాడు. లాయర్లు చెప్పేవన్నీ నమ్మితే జైళ్ళకి తాళాలెందుకు?"

మెకానిక్ మంచం అంచున తల వంచుకుని కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి. చేతులు గ్రీజు మరకలు వదలని చేతులు. అతన్ని తీసుకెళితే ఈ రెండు గదుల్లో భార్య ఒక్కతీ ఉంటుంది, నొప్పులు ఏ క్షణమైనా రావచ్చు. ఒకసారి రద్దయిన బెయిలు మళ్ళీ దొరకదు. బిడ్డని అతను చూసేది జైలు కటకటాల్లోంచే. ఆ ఆలోచనకే జలగమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతన్ని బయట ఉంచవచ్చని జడ్జి ఎదుట పూచీపడి సంతకం పెట్టింది ఆమె.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే మేడమ్."

"ఏం చేస్తున్నావు?"

"ఏమీ లేదు."

"ముప్పావుగంటసేపు ఏమీ చెయ్యకుండా కూర్చోగలిగినవాళ్ళని మా ఆఫీసులో తప్ప ఎక్కడా చూడలేదు నేను. సరిగ్గా చెప్పు."

మెకానిక్ భార్య వైపు ఒకసారి చూసి మళ్ళీ తల దించుకున్నాడు. "గడప దాటలేదు మేడమ్. అంతకంటే నన్నేమీ అడక్కండి. జైల్లో పెడితే పెట్టుకోమనండి," అన్నాడు.

"విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జలగమ్మ అతన్ని పట్టించుకోకుండా పెట్టె దగ్గరికి వెళ్ళింది. చెక్క అలమరలో తను పెట్టినచోటే ఉంది అది. అడుగున తను అంటించిన కాగితం ముద్ర చెక్కుచెదరలేదు. చుట్టూ పేరుకున్న దుమ్ములో పెట్టెని జరిపిన జాడ లేదు. పెట్టెని ఎవరూ కదపలేదు.

ఆమెకి ఒక పద్ధతి ఉంది. పట్టీ తొడిగిన రోజే ముద్దాయిని ఇల్లంతా తిప్పుతుంది. వంటింట్లో నిలబెడుతుంది, స్నానాలగదిలో నిలబెడుతుంది, మంచం కిందికి కూడా దూరమంటుంది. ఎక్కడన్నా పట్టీ పెట్టెకి అందకపోతే పెట్టె చోటు మారుస్తుంది. తోటి ఉద్యోగులకి అదంతా చాదస్తం. ఈ ఇంట్లో మెకానిక్‌ని అలాగే తిప్పింది, ఏ మూల నిలబెట్టినా పట్టీ పెట్టెకి అందింది.

ఇన్‌స్పెక్టరుకి ఆ సంగతి తెలుసు. "ఇంట్లో ఎక్కడున్నా పచ్చదీపమేనని మీరే రాసిచ్చారు. అంటే ఎర్రదీపం వచ్చిందంటే ఇంట్లో లేనట్టే. మీ రాతే మీ మనిషిని పట్టించింది మేడమ్. మీ అంత పనిమంతులు ఇంకో నలుగురుంటే మా పని ఎంతో తేలికయ్యేది."

జవాబు లేనప్పుడు ఆమె మొండిగా ఇంకో ప్రశ్న వేస్తుంది. మెకానిక్ ముందు నేలమీద చతికిలబడి, "కాలు ఇటివ్వు," అంది.

"మేడమ్, వద్దు..."

"ఇవ్వమన్నానా?"

పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. నిన్న పొద్దున ఆమె చూసినప్పుడు అది ఎర్రగా, చెమ్మగా, తాకితే మనిషి ఎగిరిపడేలా ఉంది. ఇవాళ వాపు దిగింది. పుండు అంచులు నానబెట్టిన వేళ్ళ కొసల్లా ముడతలుపడి తెల్లబారాయి. పట్టీ బిగించే కొక్కెం సందుల్లో ఏదో తెల్లటిది గట్టిపడి ఉంది. ఆమె గోటితో గీకి, వెలుగులోకి పట్టి చూసింది. ఉప్పు.

"కాలు ఎందులో పెట్టావు?"

మెకానిక్ కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇతన్ని కాసేపు పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు వెయ్యండి. ఈ అమ్మాయితో నేను మాట్లాడాలి. మీరు వినండి, మధ్యలో మాత్రం మాట్లాడకండి."

"నాకు ఆర్డర్లు..."

"మొదలుపెట్టారు అప్పుడే."

కానిస్టేబుల్ మెకానిక్‌ని పక్కగదిలోకి తీసుకెళ్ళాడు. జలగమ్మ కుర్చీ పక్కన మంచంమీద కూర్చుని మెకానిక్ భార్య చెయ్యి పట్టుకుంది.

"చూడమ్మా, నీ భర్త ఎందుకో నోరు కుట్టేసుకున్నాడు. నువ్వు కూడా కుట్టేసుకుంటే రెండింటికి అతన్ని తీసుకుపోతారు. నేను ఆపలేను."

ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎవరికో మాటిచ్చాడట మేడమ్. నన్నూ చెప్పద్దన్నాడు."

"మాటిచ్చింది అతను. నువ్వు ఎవరికీ ఇవ్వలేదుగా?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత ఆగకుండా చెప్పేసింది. "వేడినీళ్ళలో కాలు పెట్టుకున్నాడు. స్టీలు బకెట్లో, ఉప్పు బాగా వేసి. మోకాలి కిందదాకా ముంచి ఇక్కడే మంచంమీద కూర్చున్నాడు. నీళ్ళు చల్లారితే నేనే మళ్ళీ కాచి పోశాను."

"ఎన్నిసార్లు పోశావు?"

"రెండుసార్లు."

"పోసేటప్పుడు కాలు బకెట్లోనే ఉంచాడా?"

"కాలిపోదూ? పైకి తీసేవాడు. పోశాక వేడి చూసుకుని మళ్ళీ పెట్టేవాడు."

జలగమ్మ లేచి స్నానాలగదిలోకి వెళ్ళింది. మూలన స్టీలు బకెట్ ఉంది, లోపల పైఅంచుకి జానెడు దిగువన తెల్లటి చార చుట్టూ గీసినట్టుంది. పక్కనే ఎర్రటి ప్లాస్టిక్ బకెట్. దాంట్లో చార లేదు. ఆమె స్టీలు బకెట్ తెచ్చి గది మధ్యలో పెట్టింది.

"కాలికి కాపడం పెట్టుకోవడం నేరం కాదు. అతను ఇంట్లోనే ఉన్నాడనడానికి సాక్ష్యమూ కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అవునో కాదో ఇప్పుడే తేలుద్దాం." ఆమె కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. అవతల పొద్దుటి డ్యూటీలో ఉన్న అమ్మాయి పలికింది. "నిన్న సాయంత్రం మా మెకానిక్‌ది మిషన్లో ఉన్నది ఉన్నట్టు చదువు తల్లీ. రిపోర్టు చూసి కాదు, మిషన్లో చూసి."

మీటలు నొక్కిన చప్పుడయింది. "ఆరుంబావుకి ఎర్ర అండీ. కాసేపటికి ఒక్క అరనిమిషం పచ్చ, మళ్ళీ ఎర్ర. ఇంకాసేపటికి ఇంకోసారి పచ్చ, మళ్ళీ ఎర్ర. ఏడింటికి పచ్చ, ఇంక మారలేదు."

"మధ్యలో పచ్చ రెండుసార్లేనా?"

"రెండేనండీ."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి మడత కాగితం తీసి విప్పాడు. ఒకసారి చదివాడు, రెండోసారి చదివాడు. "నాకిచ్చిన దాంట్లో ఇది లేదే. మొత్తం ముప్పావుగంటా ఎర్ర అనే ఉంది."

"ఎందుకు లేదో తర్వాత చూద్దాం. ముందు ఇతన్ని ఇటు తీసుకురండి."

బకెట్లో నీళ్ళు నింపారు, గుప్పెళ్ళతో ఉప్పు పోశారు. మెకానిక్ బకెట్‌ని చూడగానే భార్య వైపు నిష్ఠూరంగా చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. "నాకు మాట కంటే మనిషి ముఖ్యం," అంది. అతను ఇంకేమీ అనకుండా కాలు ముంచాడు.

అందరూ ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డారు. కొంతసేపటికి అవతలి అమ్మాయి, "మేడమ్, మీ మెకానిక్ కనపడకుండా పోయాడు," అంది.

"ఇక్కడే ఉన్నాడు, నా కళ్ళ ముందే. కాలు పైకి తియ్యి బాబూ."

"వచ్చాడు మేడమ్. పచ్చ."

జలగమ్మ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "స్టీలు, ఉప్పునీళ్ళు కలిస్తే పట్టీ గొంతు నొక్కేసినట్టే. సరే, వాచ్‌మన్‌ని కొట్టడానికి ఇతను ఊరు దాటి వెళ్ళాడనే అనుకుందాం. మధ్యలో రెండుసార్లు అరనిమిషం చొప్పున ఇంటికి ఎగిరొచ్చి, పెట్టెకి మొహం చూపించి, మళ్ళీ ఎగిరిపోయాడా? ఆవిడ రెండుసార్లు పోశానని ముందే చెప్పింది. మిషన్ రెండని తర్వాత చెప్పింది. మీరు రెండు చెవులతో విన్నారు."

ఇన్‌స్పెక్టరు మొండివాడేగాని అబద్ధాలకోరు కాదు, అందుకే జలగమ్మకి అతనితో పోట్లాడడం ఇష్టం. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది జడ్జిగారికి నేనే చెబుతాను," అన్నాడు ముభావంగా.

మెకానిక్ భార్య మొహం చేటంత అయింది. జలగమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చూపు ఇంకా బకెట్ మీదే ఉంది.

"ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ కూడా ఉందిగా. స్టీలుదే ఎందుకు?"

"ప్లాస్టిక్‌ది వేడికి కరుగుతుందన్నారు," అన్నాడు మెకానిక్. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

"అన్నారా? ఎవరన్నారు?"

"అది చెప్పను మేడమ్. పట్టీ తడపడం రూల్సుకి విరుద్ధమట. నా బాధ చూడలేక తన ఉద్యోగానికి తెగించి ఒక ఉపాయం చెప్పారు. ఆయన్ని ఇరికించలేను. ఈ రెండు నెలల్లో నాతో మనిషిలా మాట్లాడింది మీరూ, ఆయనా."

"నీ మేలు కోరినవాడు ఏ బకెట్ అయినా పరవాలేదంటాడు. ఉప్పు చిటికెడు వెయ్యమంటాడు. వీడు స్టీలే కావాలన్నాడు, గుప్పెళ్ళతో వెయ్యమన్నాడు, మోకాలి కిందదాకా ముంచమన్నాడు. ఆరు దాటాకే ముంచమని కూడా అన్నాడా?"

"ఆరుంబావుకి మొదలుపెట్టి ఏడుదాకా తియ్యద్దన్నారు."

"నువ్వు కాలు ముంచుకుని కూర్చున్నంతసేపూ అక్కడ వాచ్‌మన్ నెత్తురు కారింది. ఇప్పుడు చెప్పు, ఎవరు? ఎలా చెప్పాడు?"

అతను చెయ్యెత్తి అలమర వైపు చూపించాడు. "దాంట్లోంచి. నిన్న నాలుగింటికి మోగింది."

పెట్టెకి ఒక ఫోన్ కూడా తగిలించి ఉంటుంది. ముద్దాయి ఇంట్లో ఉన్నాడో లేడో అప్పుడప్పుడు మోగించి చూడడానికి. దాన్నుంచి బయటికి మాట్లాడడం కుదరదు. దానికి మోగించగలిగింది ఒకే ఒకచోటు నుంచి, జలగమ్మ ఆఫీసు నుంచి.

"గొంతు?"

"పెద్దాయన గొంతు. నెమ్మదిగా, దగ్గరి బంధువులా. నీ కాలు పుండు పడిందని మీ మేడమ్ చెప్పింది బాబూ అన్నారు."

పుండు సంగతి జలగమ్మ చెప్పింది ఒక్కరికే. నిన్న మధ్యాహ్నం ఆఫీసు పెద్దసారు గదిలోకి వెళ్ళి, పట్టీ రెండో కాలికి మార్చడానికి అనుమతి అడిగింది. రేపు చూద్దాంలేమ్మా అన్నాడాయన. ఆమెకి ఈ పని నేర్పిన గురువు ఆయన. భర్త పోయినప్పుడు ఆమెని మళ్ళీ ఉద్యోగంలోకి లాక్కొచ్చి నిలబెట్టినవాడు. శిక్షణ మొదటిరోజునే, పట్టీని స్టీలు బకెట్ నీళ్ళలో ముంచి, మనిషి ఎక్కడికి పోయాడో చెప్పండి అని వాళ్ళందరినీ అడిగి ఆటపట్టించింది ఆయనే. జలగమ్మకి ఏడుపొచ్చింది. ఏడవడానికి ఇది సమయం కాదని పళ్ళు బిగించింది.

"మీకు ఆ రిపోర్టు ఇచ్చిందెవరు?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్ని.

"మీ పెద్దసారే. పొద్దున్నే స్టేషనుకి వచ్చి మరీ ఇచ్చారు. బెయిలు ఇవాళే రద్దు చేయించండి, మా జలగమ్మ అడ్డుపడుతుంది, పట్టించుకోకండి అన్నారు." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "ఆ అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో ఆయన అల్లుడిది ఒక ఫ్లాటుంది. కార్యదర్శితో ఆ అల్లుడికి రోజూ కయ్యమేనని అప్పట్లో విన్నాను. పెద్దమనిషి అల్లుడు కదా అని నేను లోతుకి వెళ్ళలేదు."

"వాచ్‌మన్ దగ్గర ఎవరిని కాపలా పెట్టారు?"

ఇన్‌స్పెక్టరు నంబరు చెప్పాడు, ఆమె తన ఫోన్లోంచి చేసింది. ఆస్పత్రి కానిస్టేబుల్ పలికాడు. చుట్టూ వాహనాల రొద.

"నేను కింద మందుల షాపులో ఉన్నాను మేడమ్. వాచ్‌మన్ కళ్ళు తెరిచాడని నర్సు చెప్పింది. అప్పుడే మీ ఆఫీసు పెద్దసారు వచ్చి, నేను కూర్చుంటాను, నువ్వెళ్ళి మందులు పట్రా అన్నారు."

"పైకి పరిగెత్తు. ఫోన్ పెట్టెయ్యకు."

మెట్లమీద బూట్ల చప్పుడు, ఆయాసం. ఆ తర్వాత తలుపు బాదుతున్న మోత. "లోపల గడియ పెట్టి ఉంది మేడమ్."

ఆ మాట పూర్తికాకముందే ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్‌ని వెంటేసుకుని మెట్లు దిగిపోయాడు. కింద జీపు అరిచి కదిలింది. జలగమ్మ ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది. "ఫోన్ తలుపుకి ఆనించి పట్టుకో బాబూ... సార్, నేను. బకెట్లో కాలు దొరికింది. ఈ మెకానిక్‌కి పూచీ నేనున్నాను. ఆ గదిలో ఏమైనా జరిగితే మీకు పూచీ పడేవాళ్ళు ఎవరూ ఉండరు. తలుపు తియ్యండి."

తర్వాత గడియ తీసిన చప్పుడు, ఆమెకి పాతికేళ్ళుగా తెలిసిన గొంతు.

"వాచ్‌మన్‌కేం కాలేదమ్మా. నేను కాపలా కూర్చున్నాను, అంతే. వాడు వస్తాడేమోనని."

"ఎవడు?"

"మా అల్లుడు. లిఫ్టు దగ్గర బోర్డు తీసి కరెంటు పెట్టింది వాడే. అది బయటపెట్టద్దని నిన్న వాచ్‌మన్‌ని బెదిరిస్తాననే వెళ్ళాడు, కొడతాడనుకోలేదు. నా కూతురి కాపురం నిలబెడదామని, ఆ నెపం మీదికి తోసి మెకానిక్‌ని ముంచాను. ఇంక నా వల్ల కావడం లేదు." ఆయన ఊపిరి బరువుగా తీశాడు. "ఫోన్ సంగతి తెలిసింది మెకానిక్ ఒక్కడికేనని పొద్దున వాడితో అన్నాను. అనకూడని మాట. వాడు ఇక్కడికి రాలేదమ్మా. నువ్విప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నావా?"

జలగమ్మ ఫోన్ చెవికి దూరంగా పెట్టి తలుపు వైపు తిరిగింది. కిందనుంచి ఎవరో మెట్లెక్కుతున్నారు. జీపులో వెళ్ళినవాళ్ళు కాదు. ఒక్క మనిషి అడుగులు, తొందర లేని అడుగులు. దాంతోపాటు మెట్ల ఇనప ఊచలకి ఇంకేదో ఇనుము తగులుతున్న చప్పుడు.

మెకానిక్ భార్య కుర్చీలోంచి లేచి భర్త చొక్కా పట్టుకుంది. "వెనక కిటికీలోంచి దిగి పారిపో," అంది. అతను కిటికీ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తన కాలి వైపు చూసుకున్నాడు.

"గడప దాటితే ఎర్రదీపం కదా మేడమ్. రెండింటికి జడ్జిగారు ఏమంటారు?"

"నువ్వు దాటద్దు," అంది జలగమ్మ. చీర కొంగు నడుముకి బిగించి, తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వాడూ దాటడు."

అడుగులు ఆఖరి మలుపు తిరిగాయి.